నాయకుని ప్రత్యుత్తరం: వాదమా, జల్పమా?

శనివారం రాత్రి. వారమంతా ఒక జట్టును నడిపిన నాయకుడు తోటివారి మధ్య ఆసీనుడై ఉంటాడు. ఎదురుగా తెర మీద వ్యాఖ్యాత ప్రత్యక్షమవుతాడు. జట్టు పోటీలో ఓడిపోయింది. పనుల పంపకంలో పక్షపాతం చూపావని ఒకరు, ఎవరి సలహానూ చెవిన పెట్టలేదని మరొకరు, పోటీలో ఎవరిని ముందు నిలపాలో తేల్చుకోలేక కాలం వృథా చేశావని ఇంకొకరు ఆక్షేపిస్తారు. నాయకుడు లేచి నిలబడి సమాధానం చెబుతాడు. ఆ సమాధానం చాలాసార్లు ఒకే విధంగా ఆరంభమవుతుంది: "గత వారం నువ్వు కెప్టెన్‌గా ఉన్నప్పుడు ఇదే చేయలేదా?"

తెలుగునాట బిగ్ బాస్ అనే కార్యక్రమాన్ని చూసేవారికి ఈ దృశ్యం సుపరిచితమే. 1999లో నెదర్లాండ్స్‌లో పుట్టిన ఒక క్రీడారూపం దేశదేశాలు తిరిగి, 2006లో హిందీలోకి, 2017 జూలైలో స్టార్ మా ద్వారా తెలుగులోకి వచ్చింది. తొలి సీజన్‌కు జూనియర్ ఎన్టీఆర్, రెండవదానికి నాని వ్యాఖ్యాతలు కాగా, మూడవ సీజన్ నుంచి ఆ పీఠం నాగార్జునది. 2024లో వచ్చిన ఎనిమిదవ సీజన్‌లో కెప్టెన్ అనే పేరు మారి చీఫ్ అయింది, జట్లు క్లాన్లయ్యాయి. పేర్లు మారినా, ఆడేవారు మారినా, ఆక్షేపణకు వచ్చే ప్రత్యుత్తరం స్వరూపం మాత్రం మారలేదు. అందుచేత ఇక్కడ ఏ ఒక్క వ్యక్తి నామధేయమూ అనవసరం. పరనింద ధర్మజిజ్ఞాసకు అంగం కాదు. ఒక వ్యక్తి లోపం కంటే వ్యాపించిన ఒక అభ్యాసాన్ని విచారించడమే శ్రేయస్కరం.

ఈ కార్యక్రమం చూడదగినదా, కాదా అన్న చర్చ వేరొకటి ఉన్నది. దానికి ఇది స్థానం కాదు. రాత్రి భోజనాల వేళ అసంఖ్యాకమైన గృహాలలో ఈ దృశ్యం నడుస్తుండగా, తప్పు చూపినప్పుడు ఎలా మాట్లాడాలో అన్న పాఠం పిల్లలకూ పెద్దలకూ తెలియకుండానే అభ్యాసమవుతున్నది. ఆ పాఠం మంచిదేనా? విచార్యమైన విషయం ఇంతే.

మాటకు మాట బదులు చెప్పడాన్ని భారతీయులు శాస్త్రంగా పరిశీలించారు. గౌతమ మహర్షి న్యాయసూత్రాలలో కథను, అంటే ఇరుపక్షాల సంభాషణను, మూడు విధాలుగా విభజించాడు. తత్త్వనిర్ణయం కోసం జరిగేది వాదం. గెలుపు కోసం జరిగేది జల్పం. తన పక్షమంటూ ఏదీ స్థాపించకుండా ఎదుటివాని పక్షాన్ని పడగొట్టడమే పనిగా సాగేది వితండ. ఈ మూడింటిలోనూ మాటలు ఒకేలా వినిపించవచ్చు. ప్రయోజనం మాత్రం వేరు. గురువుతో, శిష్యునితో, సహాధ్యాయితో, అసూయలేని శ్రేయోర్థులతో చేయదగినది వాదమని శాస్త్రం చెప్పింది. అంటే ఎవరితో కలిసి జీవించాలో, ఎవరితో కలిసి పనిచేయాలో, వారితో జరగవలసినది వాదమే. ఒకే కప్పు కింద ఒకే పొయ్యి మీద వండుకుని తినే జట్టు సభ్యులకు ఇది వర్తించదా?

ఇప్పుడు ఆ శనివారపు సమాధానాన్ని శాస్త్రం ముందు నిలుపుదాం. న్యాయసూత్రాల చివరి భాగంలో ఇరవై రెండు నిగ్రహస్థానాలు చెప్పబడ్డాయి. నిగ్రహస్థానమంటే వాదంలో ఓటమి కలిగించే తావు. వాటిలో ఒకదాని పేరు మతానుజ్ఞ. తన పక్షంలో చూపిన దోషాన్ని తొలగించకుండా, "ఆ దోషం నీలోనూ ఉన్నది" అని ఎదుటివానికి అంటగట్టడం మతానుజ్ఞ. ఇది ఓటమి ఎందుకవుతుందో గమనించాలి. "నువ్వు కూడా పక్షపాతం చూపావు" అన్నవాడు "నేను పక్షపాతం చూపాను" అన్నదాన్ని ఒప్పుకున్నట్లే. 'కూడా' అన్న చిన్న పదంలో అంగీకారం దాగి ఉన్నది. సభలో చప్పట్లు మోగవచ్చు, ఎదుటివాడు తల దించుకోవచ్చు. శాస్త్రదృష్టిలో మాత్రం పలికినవాడే ఓడాడు. గురివింద గింజ సామెత తెలుగులో ఎప్పటి నుంచో ఉన్నది. ఆ సామెత ఎదుటివాని నలుపును చూపేవాడిని హెచ్చరిస్తుంది. మతానుజ్ఞ అనే నిగ్రహస్థానం, నలుపు చూపించుకున్నవాడు తిరిగి ఏమనకూడదో చెబుతుంది.

ఇలాంటివే మరి మూడు నిగ్రహస్థానాలు ఆ తెర మీద తరచు కనిపిస్తాయి. పనుల పంపకం గురించి అడిగితే తన బాల్యకష్టాలు, తన కుటుంబం, తాను ఇక్కడికి రావడానికి పడిన శ్రమ చెప్పడం అర్థాంతరం; ప్రకృతానికి సంబంధం లేని మాట. కన్నీరు నిజమే కావచ్చు, కాని అడిగినదానికి అది జవాబు కాదు. "ఇక ఈ విషయం వదిలేద్దాం, నాకు వేరే పని ఉన్నది" అని లేచిపోవడం విక్షేపం. ఎదుటివాడు ముమ్మారు చెప్పినా, సభకు అర్థమైనా, అతడు చెప్పినదాన్ని తిరిగి చెప్పలేకపోవడం అననుభాషణం. ఈ చివరిది అత్యంత సూక్ష్మమైనది. ఆక్షేపణను యథాతథంగా తిరిగి పలకగలిగినవాడే దానిని విన్నవాడు. వినకుండా చెప్పే జవాబు ఎంత చతురమైనదైనా గాలిలో కత్తి తిప్పడం వంటిది.

అయితే నాయకునికి కూడా న్యాయం చేయాలి. ప్రతి ఆక్షేపణా సదుద్దేశంతో రాదు. సోమవారం నామినేషన్‌కు ఒక కారణం కావాలి కాబట్టి వెతికి తెచ్చిన ఆక్షేపణలు ఉంటాయి. కెప్టెన్‌కు ఆ వారం నామినేషన్ నుంచి రక్షణ లభిస్తుంది కాబట్టి ఆ పదవి మీద అసూయ ఉంటుంది. ఇరవై నాలుగు గంటల జీవితం గంట నిడివికి కుదించబడుతుంది. చెప్పిన సగం మాట ప్రసారమై, మిగిలిన సగం కత్తెరకు బలి కావచ్చు. ఇట్టి స్థితిలో ఆత్మరక్షణ పాపమా?

పాపం కాదు. శాస్త్రం జల్పాన్ని పూర్తిగా నిషేధించలేదు. మొలకను కాపాడటానికి చుట్టూ ముళ్లకంప కట్టినట్లు, తత్త్వనిశ్చయాన్ని కాపాడటానికి జల్పవితండలు అవసరం కావచ్చునని గౌతముడే అన్నాడు. కువాదంతో మీదికి వచ్చేవారిని కంప ఆపుతుంది. కాని కంప వెనుక మొలక ఉండాలి కదా! ఏ సత్యాన్ని రక్షించడానికి ఈ ముళ్లు? లోపల ఏ నిశ్చయమూ లేకుండా, కేవలం తన ప్రతిష్ఠ చుట్టూ ముళ్లు పేర్చుకుంటే అది కంచె చేను మేయడమే. నిజమైన మిత్రుడు చెప్పిన హితవు కూడా ఆ ముళ్లకు తగిలి రక్తసిక్తమై వెనుదిరుగుతుంది.

మరొక కారణం కూడా ఉన్నది. వాదానికి ప్రేక్షకుడు అవసరం లేదు. ఇద్దరు జిజ్ఞాసువులు చాలు. జల్పానికి మాత్రం జయాపజయాలు నిర్ణయించే మధ్యస్థులు కావాలి. వారు శాస్త్రజ్ఞులు, రాగద్వేషరహితులు కావాలని పెద్దలు నియమం పెట్టారు. తెర మీది ఆటలో మధ్యస్థుడు ఎవరు? ఓటు వేసే లోకం. నాయకుడు తోటి సభ్యుని వైపు తిరిగి మాట్లాడుతున్నట్లు కనిపిస్తాడు, కాని అతని మాట ఆ సభ్యుని భుజం మీదుగా కెమెరా వైపు పోతున్నది. అందుచేత ఆ ఇంటి నిర్మాణమే మాటను వాదం నుంచి జల్పంలోకి నెడుతుంది. ఆడేవారిని నిందించేముందు ఈ సత్యాన్ని గుర్తించడం ధర్మం. చూసేవాని బాధ్యత కూడా ఇక్కడే ఉన్నది. "ఎంత దీటుగా జవాబు చెప్పాడు!" అని మెచ్చి ఓటు వేసినప్పుడు చూసేవాడు సభామధ్యంలో న్యాయనిర్ణేతగా కూర్చున్నాడు. పదునును మెచ్చిన సభకు పదునే లభిస్తుంది. నిజాయితీని మెచ్చిన సభకు నిజాయితీ లభిస్తుంది.

మతానుజ్ఞ వద్దంటే దానికి విరుద్ధమైన అంచుకు పరుగెత్తేవారు కొందరున్నారు. "అంతా నాదే తప్పు. ఓటమికి పూర్తి బాధ్యత నాది. ఇక ఎవరూ ఏమీ అనవద్దు" అని చేతులు జోడిస్తారు. వినడానికి ఇది వినయంలా ఉంటుంది. ఇందులో కూడా ఒక దోషం దాగి ఉన్నదని భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయం చదివినవారికి స్ఫురిస్తుంది. కర్మసిద్ధికి ఐదు కారణాలని భగవానుడు అక్కడ బోధించాడు: అధిష్ఠానం, కర్త, వివిధ కరణాలు, నానావిధ చేష్టలు, ఐదవది దైవం. ఇన్ని కారణాలుండగా కేవలం తననే కర్తగా చూసుకునేవాడు యథార్థాన్ని చూడనివాడని కూడా చెప్పాడు.

అధిష్ఠానమంటే శరీరమని శంకర భగవత్పాదులు వ్యాఖ్యానించారు. ఒక జట్టు పనికి ఈ విభాగాన్ని అన్వయించుకుంటే ఇలా ఉంటుంది. ఆట జరిగే ఆవరణ, దాని నియమాలు అధిష్ఠానం. నాయకుడు కర్త. సభ్యులు, వారికి అందిన సామగ్రి కరణాలు. ఎవరెవరు ఎంతెంత ప్రయత్నించారన్నది చేష్ట. చీటీలో ఏ పేరు వచ్చింది, ఎవరి కాలు జారింది, బంతి ఎటు దొర్లింది అన్నది దైవం. ఓటమి ఈ ఐదింటి కలయిక వల్ల కలుగుతుంది. "ఓటమికి కారణం వారే" అన్నవాడు కర్త అనే కారణాన్ని దాచాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్లు కరణాల మీద నెపం పెట్టాడు. "ఓటమికి కారణం నేనే" అన్నవాడు మిగిలిన నాలుగింటినీ దాచాడు. మొదటివానిది బాహాటమైన అహంకారం. రెండవవానిది వినయం ధరించిన అహంకారం. పైగా ఆ రెండవ మాట విచారణకు తలుపు మూసేస్తుంది. మొత్తం తప్పు మీద వేసుకున్నవానిని ఇక ఏ తప్పు గురించీ అడగలేరు! మర్నాడు అదే పొరపాటు మళ్లీ జరుగుతుంది.

యథార్థమైన ప్రత్యుత్తరం ఈ ఐదింటినీ విడదీసి, కర్తృభాగాన్ని మాత్రం తన చేతులలోకి తీసుకుంటుంది. ఉదాహరణకు ఒక నాయకుడు ఇలా అనవచ్చు: "వంటపని, గిన్నెలు తోమే పని పంచేటప్పుడు నేను ఎవరినీ అడగలేదని మీరంటున్నారు. అది నిజం, అడగవలసినది నేను, అడగలేదు. పోటీలో సమయం చాలకపోవడం నియమం వల్ల జరిగింది, అది నా చేతిలో లేదు. ఇద్దరు సభ్యులు మనస్ఫూర్తిగా ఆడలేదని నాకు అనిపించింది. ఆ మాట ఆ రోజే వారితో చెప్పకపోవడం నా లోపం. పక్షపాతం అన్నదాన్ని మాత్రం అంగీకరించను, కారణం ఇది." ఇందులో అనుభాషణం ఉన్నది, అంగీకారం ఉన్నది, నిరాకరణ కూడా ఉన్నది. తల వంచవలసిన చోట వంచి, నిలబడవలసిన చోట నిలబడిన మాట ఇది. ఇది వాదం.

ఇతిహాసాలలో ఈ రెండు మార్గాలకూ నిదర్శనాలున్నాయి. కురుక్షేత్రంలో సేన నష్టపోయినప్పుడు దుర్యోధనుడు పలుమార్లు సేనాపతినే ఆక్షేపించాడు. భీష్ముడు పాండవుల మీద దయ చూపుతున్నాడన్నాడు. తరువాత ద్రోణునికీ అదే నింద ఆపాదించాడు. యుద్ధానికి మూలం తన నిర్ణయమన్న సంగతి మాత్రం ఆ నిందలలో వినిపించలేదు. సేనాపతులు మారారు, ఫలితం మారలేదు. మారవలసిన కారణం మారలేదు కనుక.

రెండవ మార్గానికి రామాయణంలో అంగదుని కథ దర్పణం. సాధారణంగా ఆ ఘట్టాలను హనుమంతుని మహిమ కోసం పఠిస్తారు. జట్టు నాయకుని శిక్షణ కథగా కూడా వాటిని పఠించవచ్చు. సీతాన్వేషణకు దక్షిణ దిశగా బయలుదేరిన బృందానికి నాయకుడు అంగదుడు. వయస్సులో చిన్నవాడు. బృందంలో హనుమంతుడు, జాంబవంతుడు వంటి మహనీయులు ఉన్నారు. సుగ్రీవుడు విధించిన గడువు ఒక మాసం. స్వయంప్రభ గుహ నుంచి వెలుపలికి వచ్చేసరికి ఆ గడువు దాటిపోయింది. అంగదుడు ధైర్యం కోల్పోయాడు. వెనుదిరిగితే సుగ్రీవుడు ప్రాణం తీస్తాడన్నాడు. గుహలోనే దాగి ఉందామన్న సలహా ఒకటి వచ్చింది. అది పొరపాటని, దారాపుత్రులను విడిచి వానరులు ఆ గుహలో నీ వెంట ఉండరని, సుగ్రీవుడు నిన్ను ఆదరిస్తాడని హనుమంతుడు హితవు పలికాడు. అప్పుడు అంగదుడు ఇచ్చిన ప్రత్యుత్తరమేమిటి? ఎదుట లేని సుగ్రీవుని దోషాలను ఏకరువు పెట్టాడు. అడిగినది తన నిర్ణయం గురించి. చెప్పినది పినతండ్రి శీలం గురించి. ఆపై దర్భలు పరచుకుని ప్రాయోపవేశానికి సిద్ధమయ్యాడు. బృందమంతా అతనిని అనుసరించింది. నాయకుని దుర్బల ప్రత్యుత్తరం ఒక జట్టునంతటినీ మరణం ముంగిట కూర్చోబెట్టింది.

ఆ అంగదుడే సంపాతి వల్ల సీత జాడ తెలిశాక సముద్రతీరంలో మరొక విధంగా మాట్లాడాడు. ఎవరెవరు ఎన్ని యోజనాలు దాటగలరని బృందాన్ని అడిగాడు. ఒక్కొక్కరు తమ శక్తిని చెప్పారు. తాను నూరు యోజనాలు దాటగలనని, తిరిగి రాగలనన్న నిశ్చయం మాత్రం లేదని తన పరిమితిని అందరి ఎదుట అంగీకరించాడు. నాయకుడు మూలం వంటివాడు, అతనిని పంపరాదని జాంబవంతుడు వారించగా, ఆ మాటకు అవమానపడలేదు. లంక నుంచి హనుమంతుడు తిరిగి వచ్చిన తరువాత, సీతను తామే తీసుకువెళ్లి రాముని ముందు నిలుపుదామని అంగదుడు ఉత్సాహపడ్డాడు. అది రాముని సంకల్పానికి తగినది కాదని జాంబవంతుడు మళ్లీ వారించాడు. అంగదుడు ప్రతివాదం చేయలేదు, వెంటనే స్వీకరించాడు. మధువనంలో విజయోత్సాహం మితిమీరి, అడ్డువచ్చిన వృద్ధుడైన దధిముఖుని మీద అతడు చేయి చేసుకున్న సంగతినీ వాల్మీకి దాచలేదు. అంటే అతడు నిర్దోషి అయిపోలేదు. అయినా ఆ మధువనం నుంచి కదిలే ముందు తన బృందంతో అతడు అన్న మాట స్మరణీయం: యువరాజునే అయినా, కార్యం సాధించిన మిమ్మల్ని ఆజ్ఞాపించే అధికారం నాకు లేదు, మీరు ఎలా చెబితే అలా చేస్తానన్నాడు. గడువు దాటిన నాడు సుగ్రీవుని దూషించిన నోటి నుంచే ఈ మాట వెలువడింది. నాయకత్వం జన్మతః వచ్చే వరం కాదని, ఆక్షేపణలను జీర్ణించుకోవడం వల్ల పక్వమవుతుందని ఆ కథ చెబుతున్నది.

"ఇది ఒక ఆట, ఇంత శాస్త్రం దేనికి?" అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. ఆట తెర మీదనే ముగిస్తే ఆ ప్రశ్న సమంజసమే. మార్కులు తగ్గాయేమని తండ్రి అడిగితే "అన్నయ్యకు కూడా తగ్గాయి కదా" అని కొడుకు అంటాడు. ఆలస్యమైందేమని భార్య అడిగితే "నువ్వు మొన్న ఆలస్యం చేయలేదా" అని భర్త అంటాడు. ఉత్సవాల లెక్కలు అడిగితే "గత సంవత్సరం వాళ్లు చూపించారా" అని నిర్వాహకులు అంటారు. ఈ మూడు సమాధానాలూ ఆ శనివారపు సమాధానానికి సహోదరాలు. ఈ ఇళ్లలో ప్రశ్న పూర్తిగా మానేసిన రోజు ఒకటి వస్తుంది. అడిగినా జవాబు రాదని తెలిసినవారు అడగడం మానేస్తారు. బయటి నుంచి చూస్తే అది శాంతిలా ఉంటుంది. నిజానికి అక్కడ వాదానికి తగిన సహవాసం అంతరించింది.

ఆట ఓడిన జట్టు మరుసటి వారం గెలవవచ్చు. హితవు చెప్పేవారిని పోగొట్టుకున్న నాయకునికి అటువంటి మరుసటి వారం లేదు. కనుక ఎవరైనా లోపం ఎత్తి చూపినప్పుడు, నాలుక కదలకముందు మనస్సు మూడు పనులు చేయాలి: వారన్నది ఏమిటో వారి మాటలలోనే తిరిగి చెప్పుకోవాలి, ఐదు కారణాలలో తన భాగమెంతో తూచుకోవాలి, తన మాట ఎదుటివాని కోసమా, చూసేవారి కోసమా అని ప్రశ్నించుకోవాలి. ఈ మూడూ చేసిన తరువాత వచ్చే ప్రత్యుత్తరం ఎంత చిన్నదైనా వాదమే అవుతుంది. "కూడా" అనే పదం దానిలో ఇక కనిపించదు.